గట్టిగా చెప్పే ఓటు

అక్టోబర్ 17, సోమవారం

పార్లమెంటు సభ రద్దయిందని నిన్న రేడియోలో చెప్పారు. వచ్చే నెలలో ఎన్నికలంటున్నారు. రోజూ నాలుగు వాక్యాలు రాయమన్నాడు సారు. నాలుగోది ఏం రాయాలో తెలియడం లేదు.

అక్టోబర్ 20, గురువారం

ఈ పుస్తకం జీపులో నా సీటు కింద ఉంటుంది. ఇంట్లో ఒక్క హుస్సాకే తెలుసు. నా మనవరాలు, యూనివర్సిటీలో చదువుతోంది. డెబ్బై దాటినవాడు సాయంత్రం పూట బల్ల ముందు కూర్చుని ఈజిప్టు సారు దగ్గర అక్షరాలు దిద్దుకుంటున్నాడని తెలిస్తే మా జహ్రా ఊరంతా నవ్వుతుంది. నన్ను చూసి నవ్వినవాడు ఇంతవరకు లేడు. అందుకే ఒక స్నేహితుడి దగ్గరికి వెళ్తున్నానని ఇంట్లో చెబుతాను. అది అబద్ధం కాదు. సారు కూడా స్నేహితుడే.

ఇవాళ హమూద్ దివానియా, మావాళ్ళు కూడే చావడి, నిండిపోయింది. గోడల పొడుగునా దిళ్ళకి ఆనుకుని అందరూ మా వాళ్ళే. హమూద్ మా పెదనాన్న కొడుకు, మా తెగకి పెద్ద. అతని కుడిపక్క చోటు నాది. నేను రాకపోతే ఆ చోటు ఖాళీగా ఉంటుంది తప్ప ఇంకొకడు కూర్చోడు. మావాళ్ళలో ఐదుగురు నిలబడతామంటున్నారు. ఐదుగురు నిలబడితే ఐదుగురూ పోతారు. ముందే మాలో మేం ఒకణ్ణి ఎంచుకుని మిగతావాళ్ళని తప్పించాలి. అలా ఎంచుకోవడం చట్టం ప్రకారం నేరం. కాబట్టి దాన్ని మేం పెళ్ళి విందు అంటాం.

కుర్రాళ్ళంతా ఫోన్లు చూసుకుంటూ కూర్చున్నారు. ఆ వయసులో నేను ఇదే గదిలో కాఫీ పోసేవాణ్ణి. మా నాన్న నాకేమీ నేర్పలేదు, కాఫీ కూజా చేతికిచ్చాడంతే. ఎవడి కప్పు ముందు నింపాలి, ఎవడు రెండో కప్పు వద్దన్నాడు, ఎవడు తాగకుండా కింద పెట్టాడు, ఇవి చూస్తూ ఉంటే ఎవడు ఎవడితో ఉన్నాడో తెలిసిపోయేది. నాకు తెలిసిన రాజకీయమంతా కాఫీ పోస్తూ నేర్చుకున్నదే. నా పెద్దకొడుకు గానిం ఆఫీసుల చుట్టూ సంతకాల కోసం తిరిగి నేర్చుకున్నాడు. హుస్సా ఎక్కడ నేర్చుకుంటోందో తెలియదు. ఆ ఫోనులో ఉంటుంది కాబోలు.

అక్టోబర్ 29, శనివారం

పెళ్ళి విందు అయింది. ఊరి బయట గుడారాలు, పొట్టేళ్ళు, అన్నం. ఓట్ల పెట్టె వంట గుడారంలో అన్నం డేగిశాల మధ్య పెట్టారు. చేతులు కడుక్కోవడానికి వెళ్తున్నట్టు ఒక్కొక్కడు వెళ్ళి వేసి వచ్చాడు. మధ్యలో పోలీసు జీపు ఒకటి రోడ్డు మీద ఆగింది. హమూద్ వెంటనే డప్పులు కొట్టమన్నాడు. పెళ్ళికొడుకు ఎక్కడని ఎవరైనా అడిగితే ఎలా అని, పక్కనున్న కుర్రాడికి తన బంగారు అంచు అంగీ తీసి కప్పి మధ్యలో కూర్చోబెట్టాడు. వాడికి నిరుడే పెళ్ళయింది. మళ్ళీ సిగ్గుపడుతూ కూర్చున్నాడు. జీపు వెళ్ళిపోయింది.

షాఫీ గెలిచాడు. నలభై ఏళ్ళవాడు, ఇంజనీరు, పెద్దల ముందు గొంతు ఎత్తడు. మంచివాడే. తరవాత ఇంటిపెద్దలు ఒక్కొక్కరూ లేచి మాటిచ్చారు. నా వంతు వచ్చినప్పుడు నేను లేచి, "నా ఇంటి ఓట్లన్నీ షాఫీవి. మగవీ, ఆడవీ" అన్నాను.

హమూద్ తలూపాడు. నన్నందరూ అబూ గానిం అంటారు, గానిం తండ్రి అని. అబూ గానిం మాటిచ్చాక ఇక లెక్కపెట్టనక్కర్లేదు అన్నాడు, అందరూ వింటుండగా.

అక్టోబర్ 30, ఆదివారం

భోజనాల దగ్గర చెప్పాను. నా భార్య మూధీ సరే అంది. కోడలు సరే అంది. గానిం అన్నం కలుపుతూ ఉండిపోయాడు. వాడు తన బదిలీ కోసం వేరే తెగకి చెందిన సభ మెంబరు ఒకడి చుట్టూ తిరుగుతున్నాడని నాకు తెలుసు. అయినా నా మాట దాటడు.

హుస్సాకి ఈ ఏడే ఇరవై ఒకటి నిండాయి. ఇదే మొదటి ఓటు. నీళ్ళ గ్లాసు కింద పెట్టి, "నా ఓటు కూడా ఇచ్చేశావా తాతా?" అంది.

"ఇంటి ఓట్లన్నీ ఇచ్చాను."

"నన్ను అడగలేదే."

"ఎప్పుడైనా ఎవర్నైనా అడిగానా?"

"అదే అంటున్నా" అని లేచి కంచం తీసుకుని వెళ్ళిపోయింది. కోపంగా లేదు. కోపంగా ఉంటే బాగుండేది. కోపమైతే దించొచ్చు.

నవంబర్ 2, బుధవారం

ఎవరికి వేస్తావని హుస్సాని అడిగాను. చెప్పలేదు.

నవంబర్ 3, గురువారం

ఇవాళ అడగలేదు.

నవంబర్ 4, శుక్రవారం

నిజానికి నిన్న కూడా అడిగాను. నమాజు తరవాత, మెట్ల దగ్గర.

నవంబర్ 6, ఆదివారం

శీతాకాలం గుడారం ఎక్కడ వేయాలో చూసొద్దామని హుస్సాని ఎడారికి తీసుకెళ్ళాను. తనే నడిపింది. ఇల్లు దాటితే మనసు విప్పుతుందనుకున్నాను.

నేను ఓటు ఎలా వేస్తానో చెప్పాను. చదువు రానివాడు ఓట్లు వేయించే జడ్జి బల్ల దగ్గరికి వెళ్ళి నోటితో చెప్పొచ్చు. చట్టం అది. జడ్జికి మాత్రమే వినపడేలా మెల్లగా చెప్పాలంటారు. నేనెప్పుడూ మెల్లగా చెప్పలేదు. వెనక బెంచీ మీద కూర్చున్న అన్ని పక్షాల వాళ్ళూ తల తిప్పేలా చెబుతాను. మొదటిసారి వేసినప్పటి నుంచీ అంతే. నేను ఎవరికి వేశానో జహ్రాలో తెలియనివాడు లేడు. దాచుకునేవాడు ఏదో చేయబోతున్నవాడే అయి ఉంటాడు.

తను యూనివర్సిటీలో విద్యార్థి సంఘం ఎన్నికల గురించి చెప్పింది. తన జట్టు ఓడిపోయిందట. మర్నాడు గెలిచినవాళ్ళతో కలిసి టీ తాగారట.

"మీలో ఎవరు వాళ్ళకి వేశారో తెలియలేదా?" అన్నాను.

"తెలియదు తాతా. తెలియకపోతేనే కదా కలిసి టీ తాగగలిగేది."

నాకది నచ్చలేదు. అప్పుడు అసలు మాట చెప్పాను. ఎన్నికల రోజున ఆడవాళ్ళు ఓటేసే బడిలో జడ్జి బల్ల దగ్గరికి వెళ్ళి నోటితో చెప్పమన్నాను. అక్కడ కూర్చునే మన తరఫు పిల్ల వింటుంది, హమూద్‌కి చేరుతుంది, అందరికీ మనశ్శాంతి.

"చదువొచ్చినవాళ్ళని అలా చెప్పనివ్వరు తాతా."

"రాదని చెప్పు."

బండి ఆపేసింది. నా వైపు తిరిగింది. "యూనివర్సిటీలో చదివే పిల్ల చదువు రాదని జడ్జికి అబద్ధం చెప్పాలా?"

నేను బయటికి చూస్తూ కూర్చున్నాను. తను మళ్ళీ బండి కదిలించి, రోడ్డు మీద కళ్ళు పెట్టి, మెల్లగా అంది: "ఇకమీద నువ్వూ చెప్పకూడదు. నీకూ చదువొచ్చింది కదా."

గుడారానికి చోటు చూడకుండానే వచ్చేశాం.

నవంబర్ 9, బుధవారం

హమూద్ పక్కన కూర్చుంటే మోకాలి మీద చెయ్యేశాడు. చెయ్యేశాడంటే ఏదో ఉంది.

మీ హుస్సా ఫోనులో ఏవేవో రాస్తుందట కదా అన్నాడు. ఏం రాస్తుందన్నాను. తనకీ తెలియదట, కొడుకు చదివి చెప్పాడట. తెగల ఎంపిక తప్పని రాసిందట. పేరు పెట్టకుండా రాసిందట కానీ మాటతీరు మా ఇంటిదేనట.

తరవాత మామూలుగా, వాతావరణం గురించి చెప్పినట్టు చెప్పాడు: "ఆ బడిలో ఆడవాళ్ళ పెట్టె మన వీధులదే కదా. ఎన్ని రావాలో నాకు తెలుసు. తగ్గితే, ఎవరింట్లో తగ్గిందో కూడా తెలిసిపోతుంది."

"తగ్గదు" అన్నాను.

"నువ్వున్నావుగా" అన్నాడు.

రెండు కుటుంబాలు కొట్టుకుంటే మధ్యలో జామీను ఎవరుంటారంటే నా పేరే చెబుతారు. పోయినేడు రక్తం చిందిన గొడవలో కూడా నా మాట మీదే కత్తులు లోపలికి వెళ్ళాయి. నాకు భూమి లేదు, ఒంటెల మందలు లేవు. చమురు కంపెనీ గేటు దగ్గర కాపలా కాసి బతికినవాణ్ణి. ఉన్నది ఆ మాటే. ఇప్పుడది ఒక ఆడపిల్ల చేతిలో పెన్ను గీతలో ఉంది.

నవంబర్ 12, శనివారం

హుస్సా ఎవరికి వేస్తుందో నువ్వు కనుక్కో అని మూధీకి చెప్పాను.

మూధీ టీ కలుపుతూ నవ్వింది. ఆడవాళ్ళకి ఓటు వచ్చిన మొదటిసారి తనేం చేసిందో ఇవాళ చెప్పింది, పదేళ్ళ తరవాత. నేను చెప్పిన పేరు జడ్జి ముందుకి వెళ్ళేసరికి మరిచిపోయిందట. భయంతో నోటికొచ్చిన మగవాడి పేరు చెప్పిందట. అది చచ్చిపోయిన తన అన్న పేరు. జడ్జి ఎంతో మర్యాదగా, అమ్మా ఆయన పోటీలో లేరు అన్నాడట. అయితే ఎవరున్నారో మీరే చెప్పండి బాబూ అందట. చెప్పకూడదమ్మా అన్నాడట. చివరికి సరిగ్గానే చెప్పానంది.

"సరిగ్గా అంటే?"

"సరిగ్గానే."

ఒక్కరి గురించి అడుగుతుంటే ఇద్దరయ్యారు.

నవంబర్ 15, మంగళవారం

హుస్సా ఫోను సోఫా మీద మరిచిపోయింది. ఛార్జింగు ఉందో లేదో చూద్దామని తీశాను. తెరిస్తే తాళం తీసే చుక్కలు, గళ్ళు. ఏదీ తెరుచుకోలేదు. తలెత్తితే గుమ్మంలో తను నిలబడి ఉంది.

"ఛార్జింగు ఉందా తాతా?" అంది.

ఉందన్నాను. చేతికిచ్చాను. నేను ఛార్జింగే చూశాను.

నవంబర్ 18, శుక్రవారం

నిన్న తరగతిలో అర్జీ రాయడం నేర్పాడు సారు. పైన తారీకు, మధ్యలో విషయం, కింద పేరు. నా పక్కన కూర్చునే లారీ డ్రైవరు పేరు రాయడం మరిచిపోయాడు. సారు ఆ కాగితం పైకెత్తి చూపించి, పేరు లేని కాగితానికి నాథుడు లేడు, ఎంత మంచి మాట రాసినా అది ఎవరిదీ కాదు, చెత్తబుట్టలో పడుతుంది అన్నాడు. నాది చూసి బాగుందన్నాడు. మత్లఖ్, అబూ గానిం. రెండు మాటలూ ఒకే గీత మీద నిలబడ్డాయి.

అన్నం సగంలోనే వదిలేస్తున్నాను.

నవంబర్ 22, మంగళవారం

హమూద్ అడిగాడు. అంతా సరే అన్నాను.

నవంబర్ 23, బుధవారం

హమూద్ అడగలేదు. అదే ఎక్కువ భయంగా ఉంది.

నవంబర్ 25, శుక్రవారం

రేపే. మందు బిళ్ళ వేసుకున్నాను. గానిం మా మగవాళ్ళ ఓటు గదిలో షాఫీ తరఫున కూర్చుంటాడు, లెక్క చివరిదాకా. ఆడవాళ్ళ వైపు షాఫీ చెల్లెలు కూర్చుంటుంది.

హుస్సా నా మందులు తెచ్చి ఇచ్చి పక్కన కూర్చుంది. నేను ముందే అన్నాను, షాఫీకి వేస్తే వేశానని ఒక్క మాట చెప్పు, ఈ ముసలివాడికి ఊపిరాడుతుంది, వేయకపోతే వేయనని చెప్పు, హమూద్‌కి నేనే వెళ్ళి చెప్పుకుంటాను అని.

నా చెయ్యి పట్టుకుంది. తరవాత అంది: "చెబితే అది నీ ఓటైపోతుంది తాతా. వేసేది నేనే అయినా."

"నా పరువు నీకు పట్టదా?"

"పడుతుంది కాబట్టే పదిరోజులుగా తిండి సయించడం లేదు" అంది. అప్పుడు చూశాను, ముఖం పీక్కుపోయి ఉంది. నేను నా గురించే చూసుకుంటున్నాను ఇన్నాళ్ళూ.

నవంబర్ 26, శనివారం

వేసి వచ్చాను. జరిగింది జరిగినట్టు రాస్తాను.

బడి ముందు గుడారాలు, టీ, ఖర్జూరాలు, అందరి బొమ్మలూ. మూధీని, కోడల్ని, హుస్సాని ఆడవాళ్ళ బడి దగ్గర దింపి నేను మగవాళ్ళ బడికి వచ్చాను. హుస్సా దిగి వెనక్కి తిరిగి చూడలేదు.

లోపల వరసలో నిలబడ్డాను. వెనక బెంచీ మీద అన్ని పక్షాల వాళ్ళూ, చివర గానిం. నా వంతు రాగానే జడ్జి తలెత్తాడు. కుర్రవాడు. కార్డు చూసి, నన్ను చూసి, మర్యాదగా అడిగాడు: "చదవడం వచ్చా మామా, లేక నాతో చెబుతారా?"

ఇన్నేళ్ళూ ఈ మాటకి రాదు అనేవాణ్ణి, అది నిజం. ఇవాళ నోరు తెరిచాను, రాదు అనే మాట నాలుక మీదే ఉంది. వెనక బెంచీ మీద వాళ్ళంతా నా గొంతు కోసం చెవులు పెట్టుకుని ఉన్నారు. షాఫీ పేరు గట్టిగా చెప్పేస్తే చాలు, హమూద్‌కి సాయంత్రానికల్లా తెలుస్తుంది. కానీ నాకు చదవడం వచ్చు. రెండేళ్ళు కూర్చుని నేర్చుకున్నాను. దేవుడికి తెలుసు, హుస్సాకి తెలుసు. అబద్ధమాడు అని ఆ పిల్లకి చెప్పిన నోటితోనే నేనూ అబద్ధమాడాలి.

"వచ్చు" అన్నాను.

గానిం తల టక్కున లేచింది. నేను చీటీ తీసుకుని అట్టగోడ వెనక్కి వెళ్ళాను.

అక్కడ నేను ఒక్కణ్ణే. దారంతో కట్టిన పెన్ను. ఇన్నేళ్ళలో ఆ అట్టగోడ వెనక ఏముంటుందో నేను చూడలేదు. ఏమీ ఉండదు. పేర్లు చీమల బారులా కిందిదాకా ఉన్నాయి. షాఫీ పేరు మా లిపిలో మూడు చుక్కలున్న అక్షరంతో మొదలవుతుంది. అలాంటివి నాలుగు కనిపించాయి. ఒక్కొక్కటీ కూడబలుక్కుని చదివాను. మూడోది షాఫీ. గళ్ళో గీత పెట్టాను. గట్టిగా, చినగకుండా.

తరవాత చీటీని చూస్తూ నిలబడ్డాను. అందరి చీటీల్లాగే ఉంది. మడిచి పెట్టెలో వేస్తే నాదేదో నాకే తెలియదు. అబూ గానిం మాట నిలబెట్టుకున్నాడని ఇందులో ఎక్కడ ఉంది? గట్టిగా చెబితే నలుగురూ వినేవారు, ఇది ఎవరు వింటారు? సారు మాట గుర్తొచ్చింది. పేరు లేని కాగితానికి నాథుడు లేడు. కింద ఖాళీ ఉంది. రాశాను. మత్లఖ్, అబూ గానిం. ఇంత బాగా నేనెప్పుడూ రాయలేదు. ఒక్క అక్షరం వణకలేదు.

మడిచి పెట్టెలో వేసి బయటికి వచ్చాను. ఇన్ని రోజుల్లో మొదటిసారి ఆకలేసింది.

నవంబర్ 27, ఆదివారం

షాఫీ ఓడిపోయాడు. పదిమంది గెలిచే చోట పదకొండోవాడు. నూరు ఓట్లకి పైగా తేడా.

ఆడవాళ్ళ పెట్టె లెక్క వచ్చింది. హమూద్ అనుకున్న దానికంటే ఎక్కువే వచ్చాయి. షాఫీ భార్య అక్కడి ఆస్పత్రిలో డాక్టరు, బయటివాళ్ళు కూడా వేసినట్టున్నారు. కాబట్టి మా వాళ్ళలో ఎవరు వేశారో ఎవరు వేయలేదో ఆ పెట్టెలోంచి ఎవడూ తేల్చలేడు. హుస్సాకి చెప్పాను. "అలాగా" అంది. ఆ ముఖంలో ఏమీ కనిపించలేదు.

మా మగవాళ్ళ పెట్టెలో ఒకటి తగ్గింది.

నవంబర్ 28, సోమవారం

దివానియాలో పెళ్ళి విందు నాటి నవ్వులు లేవు. ఏ పెట్టెలో ఎంత తగ్గిందో ఒక్కొక్కటీ చదువుతున్నారు. మా గది పెట్టె వచ్చేసరికి హమూద్ గానిం వైపు చూశాడు. ఆ మెంబరు దగ్గర బదిలీ పని ఎంతవరకు వచ్చింది అని అడిగాడు. గానిం జవాబివ్వలేదు.

కాఫీ వచ్చింది. హమూద్ కొడుకు పోస్తూ వచ్చాడు. నాకు పోశాడు. నా పక్కవాడికి పోశాడు. గానిం చెయ్యి చాచాడు. కూజా వాణ్ణి దాటి అవతలివాడి దగ్గరికి వెళ్ళింది.

నలభై ఐదేళ్ళవాడు, ముగ్గురు పిల్లల తండ్రి, చాచిన చెయ్యి మెల్లగా ఒళ్ళో పెట్టుకున్నాడు. నేను చూశాను. అందరూ చూశారు. వాడు నా వైపు మాత్రం చూడలేదు.

నేను కాఫీ తాగేశాను. ఎందుకు తాగానో తెలియదు. కింద పెట్టాల్సింది.

నవంబర్ 29, మంగళవారం

గానింని జీపు ఎక్కించుకుని వెళ్ళాను. నువ్వే వేయలేదా అని అడిగాను. వేశానన్నాడు. మరి నిన్న ఎందుకు చెప్పలేదన్నాను. వాడు కిటికీ అద్దం దించాడు, ఎత్తాడు.

"తగ్గింది నాది కాదు నాన్నా. నీది."

నేను బండి పక్కకి తీశాను.

లెక్కపెట్టేటప్పుడు జడ్జి ఒక చీటీ విప్పి ఆగిపోయాడట. షాఫీకి గీత ఉంది, కానీ కింద పేరు రాసి ఉంది, ఓటరు గుర్తు కనిపిస్తే చెల్లదు, రద్దు అన్నాడట. చీటీ పైకెత్తి అన్ని పక్షాల వాళ్ళకీ చూపించాడట. మిగతావాళ్ళకి ఆ పేరు ఎవరిదో పట్టలేదు, వాళ్ళ లెక్క వాళ్ళది.

"అబూ గానిం అని ఉంది" అన్నాడు వాడు. "గానిం తండ్రి అని. నా పేరు చూస్తూ కూర్చున్నా. నీకు రాయడం వచ్చని నాకు తెలియదు నాన్నా. నీ చేతిరాత ఎప్పుడూ చూడలేదు." అద్దం మళ్ళీ దించి, "బాగుంది" అన్నాడు.

హమూద్‌తో చెప్పకపోయావా అన్నాను.

"అబూ గానిం ఓటు పాడుచేసుకున్నాడని ఆ గదిలో నవ్వితే వినాలా నేను? దానికంటే కాఫీ లేకపోవడమే నయం."

వాడు ఇలా ఉంటాడని నాకు తెలియదు. ఆఫీసుల చుట్టూ తిరిగేవాడనే తెలుసు.

నవంబర్ 30, బుధవారం

రాయలేను.

డిసెంబర్ 1, గురువారం

దివానియాకి వెళ్ళాను. గానిం రానన్నాడు, బలవంతాన తీసుకెళ్ళాను. నా చోట కూర్చోకుండా మధ్యలో నిలబడ్డాను. అందరూ మాటలాపారు. ఓటు చెప్పే గొంతుతోనే చెప్పాను.

మా పెట్టెలో తగ్గింది గానింది కాదు, నాది. రెండేళ్ళుగా అక్షరాలు నేర్చుకుంటున్నాను. ఈసారి చదువు రాదని జడ్జికి అబద్ధం చెప్పలేక చీటీ తీసుకున్నాను. షాఫీకి గీత పెట్టి కింద నా పేరు రాశాను. పేరుంటే చెల్లదట, రద్దయింది. గానిం చూశాడు, నన్ను దాచాడు.

మూల నుంచి ఒక కుర్రాడు నవ్వాడు. ఇంకొకడు, పేరు రాస్తే చెల్లదని చిన్నపిల్లలకీ తెలుసు కదా పెదనాన్నా అన్నాడు.

"నాకు తెలియదు. ఇప్పుడు తెలిసింది" అన్నాను. "మీరంతా షాఫీకే వేశామంటున్నారు. షాఫీ ఓడిపోయాడు. నేను వేశానని చీటీ మీద నా పేరుంది. మీలో ఎవడి చీటీ మీద వాడి పేరుంది?"

నవ్వినవాడు ఫోను వైపు చూసుకున్నాడు. ఎవరి ముఖాలు వాళ్ళు దాచుకునే తీరు చూస్తే, నూరు ఓట్లు ఎక్కడికి పోయాయో నాకు కాస్త అర్థమైంది. పెద్దయ్యాక మళ్ళీ కాఫీ పోసే పిల్లవాడిలా చూశాను ఆ గదిని.

హమూద్ లేచాడు. కొడుకు చేతిలోంచి కూజా తీసుకున్నాడు. మోకాళ్ళ నొప్పితో వంగి, గానిం ముందు నిలబడి కప్పు నింపాడు. గానిం తాగాడు. రెండోది పోశాడు. అదీ తాగాడు. చాలన్నట్టు కప్పు ఊపి ఇచ్చాడు.

వచ్చేటప్పుడు హమూద్ గుమ్మం దాకా వచ్చాడు. చెప్పులు తొడుక్కుంటుంటే మెల్లగా చెవిలో అడిగాడు: "ఆ అక్షరాలు నేర్పే బడి ఎక్కడ అబూ గానిం?"

చెప్పాను.

"ఎవరితోనూ అనకు" అన్నాడు.

డిసెంబర్ 4, ఆదివారం

మూడు రోజులుగా హుస్సాని ఏమీ అడగలేదు. అడగాలని ఉంది. ఇవాళ టీ తెచ్చినప్పుడు కూడా నాలుక దాకా వచ్చింది. మింగేశాను. తెలియకుండా ఉండటం నాకింకా అలవాటు కాలేదు. కంట్లో నలుసులా ఉంటుంది. వచ్చేసారి నేనూ అట్టగోడ వెనక గీత మాత్రం పెట్టి వచ్చేయాలి. నేనేం చేశానో నాకు తప్ప ఇంకెవరికీ తెలియదు. తలుచుకుంటేనే గుండె దడ.

తను జీపులో నా పక్కన కూర్చుని ఈ పుస్తకం అట్ట తిరగేసి చూసింది. లోపల చూడలేదు. అట్ట మీదే చూసి, "దీని మీద పేరు రాసుకోలేదేం తాతా?" అంది.

"రాస్తే రద్దవుతుంది" అన్నాను.